కథకుని సమక్షమున కథాశ్రవణము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయములో ఒక సాయంకాలము కథ చదివి వినిపించుటయు, ఆ కథ వ్రాసిన రచయితనే అతిథిగా పిలిచి ఎదుట కూర్చుండబెట్టుటయు నేటివారి నూతన కల్పన యని కొందరు తలంతురు. పట్టణములలో పుట్టిన వేడుక పల్లెకు దిగుమతి యైనదని మరికొంద రందురు. భారతము ఆదిపర్వము తిరుగవేసినవారికి ఈ సందేహ ముండదు. జనమేజయ మహారాజు సర్పయాగము చేయుచుండగా వ్యాసమహర్షి శిష్యసమేతుడై ఆ సదస్సునకు విచ్చేసెను. రాజు బంగారు పీఠ మిచ్చి, అర్ఘ్యపాద్యము లొసగి, కురుపాండవుల చరిత్రమును కన్నులార చూచిన మహాత్ముడు కావున దానిని సెలవిమ్మని వేడుకొనెను. వ్యాసుడు తాను చెప్పలేదు. ప్రక్కనున్న శిష్యుడు వైశంపాయనుని వంక చూచి, తనవలన విన్నదంతయు రాజునకు వినిపింపుమని ఆజ్ఞాపించెను. యాగకర్మల నడుమ దొరకిన విరామములలో కథ సాగినది. చెప్పువాడు శిష్యుడు, కర్త సభలో నున్నాడు. రచయిత అతిథిగా ఉండగా కథ వినిన సభకు ఇంతకంటె పాత సాక్ష్యమును వెదకనక్కరలేదు.

ఆ సభలో గమనింపదగినది మరియొకటి కలదు. వైశంపాయనుడు మొదట కథను సంగ్రహముగా చెప్పి ముగించెను. జనమేజయునకు తృప్తి కలుగలేదు. వెంటనే ప్రశ్నలకు దిగెను. శక్తిమంతులును నిరపరాధులును అయిన పాండవులు అన్ని కష్టముల నేల సహించిరి? పదివేల యేనుగుల బలముగల భీముడు కోపము నేల అణచుకొనెను? అంత శక్తిగల ద్రౌపది తన్ను బాధించిన దుర్మార్గులను ఏల దహింపలేదు? ఈ ప్రశ్నలు వేసినవాడు అర్జునుని మునిమనుమడు. తన ముత్తాతల నడవడినే నిండు సభలో, కథాకర్త ఎదుట, నిలదీసినాడు. అందులకు ఎవ్వరును నొచ్చుకొనలేదు. ఆ ప్రశ్నలకు బదులుగానే కథ విస్తరించినది. రాజు తలయూచి ఊరకుండిన పక్షమున భారతము సంగ్రహముతోనే ఆగిపోయెడిదేమో!

తెలుగు పల్లెలలో పురాణశ్రవణము తరతరములుగా నడచినది. దేవాలయ మంటపమున గాని, పెద్దయింటి అరుగుపై గాని ఒకరు పద్యము చదువ, వేరొకరు తాత్పర్యము చెప్పెడివారు. ఓనమాలు రానివారి నోట సయితము భాగవత పద్యము దొర్లుట ఆ శ్రవణము పెట్టిన భిక్ష. దానిని తక్కువ చేయరాదు. కాని ఆ సభలో ఒక లోటుండెను. ఇట్లేల వ్రాసితివని కవిని అడుగుటకు కవి అచ్చట లేడు. పౌరాణికుడు చెప్పినదే అర్థము. వినినవారు చేయవలసినది చెంపలు వేసికొనుటయే. కథాసభలో ఆ లోటు తీరును. వ్రాసినవాడు మూరెడు దూరమున కూర్చుండి యుండును. అతనిని అడుగవచ్చును. అడుగని యెడల అతనిని అంతదూరము రప్పించుట దేనికి?

1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మొదలగు పెద్దలు ఆ యుద్యమమునకు తమ జీవితములు ధారవోసిరి. 1935లో కృష్ణా కాలువలపై పడవలో పుస్తకములు ఊరూర తిరిగినవి. 1960లో గ్రంథాలయ శాసనము వచ్చి, ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేయుటకు ఏర్పాటయ్యెను. ఇచ్చట ఒక లెక్క చూడవలసియున్నది. 2011 జనగణన ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏడేండ్లు నిండినవారిలో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి 67 మంది. మిగిలినవారికిని ఇండ్లు కలవు. ఆ యిండ్లకును పన్ను కలదు. అనగా గ్రంథాలయపు చిట్టాలో వారి పేర జమ ఉన్నది, ఖర్చు వ్రాయు కాలము ఖాళీగా నున్నది. బీరువాలో పదివేల పుస్తకములు ఉంచినను ఆ ఖాళీ నిండదు. కథ చదివి వినిపించు సాయంకాల మొక్కటే వారి పేర వ్రాయదగిన ఖర్చు.

ఈ విషయము సీమదేశములో డికెన్సు మహాశయునకు తోచినది. 1853 డిసెంబరులో ఆయన బర్మింగ్‌హాము నగరమున తన కథలను మూడు సభలలో స్వయముగా చదివెను. అందు కడపటి సభను కష్టజీవులకై ప్రత్యేకించి, టిక్కెట్టు ఆరు పెన్నీలకే ఇప్పించెను. గొప్పవారి సభలో కూలివానికి మూలనొక చోటిచ్చుట కాదు. సభనే కూలివానిది చేయుట. ఈ భేదము చిన్నది కాదు.

సాయంకాలమను మాట చెవికింపుగా నున్నది గాని, పల్లెలో ఆ వేళ ఆడువారికి పొయ్యి వేళ, పాలు పిదుకు వేళ. ఆరు గంటలకు సభ పెట్టి స్త్రీలు రాలేదని చింతించుట వ్యర్థము. భోజనములు ముగిసిన ఎనిమిది గంటలు గాని, ఆదివారపు మధ్యాహ్నము మూడు గంటలు గాని మేలు. నాట్ల దినములు, కోతల దినములు సభకు పనికిరావు. ఇట్టి సంగతులు అల్పములని కార్యవర్గములు ఉపేక్షించును. సభ పాడగుట వీనివలననే.

కూర్చుండు ఏర్పాటు మరియొకటి. ముందు వరుస కుర్చీలు ప్రముఖులకు, చాపలు తక్కినవారికి, గుమ్మము వెలుపలి నేల మరికొందరికి అను ఆచారము సభలలో కానవచ్చును. ఈ మూడవ వరుసలో ఎవరు కూర్చుందురో వేరుగ చెప్పనక్కరలేదు. బాలకాండములో కుశలవులు రాముని కొలువున రామకథ గానము చేసిన ఘట్టము కలదు. రాముడు బంగారు సింహాసనమున నుండి వినుట మొదలిడెను. తరువాత మెల్లమెల్లగా పరిషత్తులోనికి చేరెనని వాల్మీకి చెప్పెను. తాను పైన కూర్చున్నంతసేపు రసము కుదురదని తలచి, పాటకు భంగము కలుగకుండ సద్దు చేయక దిగివచ్చి వినువారిలో ఒకడయ్యెనని వ్యాఖ్యాతలు దానికి అర్థము చెప్పుదురు. తన కథను తానే వినుచున్న చక్రవర్తి దిగినాడు. అట్టిచో గ్రామ ప్రముఖులు కుర్చీ దిగి చాపపై కూర్చుండుటకు శాస్త్రాధారము చాలినంత ఉన్నది.

ఇక చదువదగిన కథ యెట్టిది? గ్రంథభాషాభిమానులు కొందరు కథ యనగానే వాడుకభాష యని మొగము చిట్లింతురు. వ్రాతకు గ్రంథభాష ఎంత అందమైనను, చెవిన పడి వెంటనే మనసున దిగవలసిన కథకు నోటిమాటయే తగును. 1902లో భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' వ్రాసెను. 1910లో గురజాడ అప్పారావు 'దిద్దుబాటు' 'ఆంధ్రభారతి' పత్రికలో వెలువడెను. ఈ రెండవది మిక్కిలి చిన్నది, రాత్రి ప్రొద్దుపోయి ఇల్లు చేరిన భర్త, ఇంట కానరాని భార్య, నడుమ నలిగిపోవు సేవకుడు, ఒక ఉత్తరము, ఇంతే. గడపలో నిలిచి వినినవారికిని ఒక్క ముక్క పోదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1891లో వైదిక కుటుంబమున పుట్టి, సంస్కృతము క్షుణ్ణముగ చదివిన పండితుడు. అట్టివాడు కథకు పూనుకొన్నపుడు గోదావరి తీరపు ఇండ్లలో ఆడువారు మాటలాడు తెలుగునే ఏరుకొన్నాడు. సంస్కృతము రాక కాదు, వచ్చినందువలననే ఏ మాట ఎచ్చట పలుకునో ఆయనకు తెలిసినది. అయితే చదరంగము నాధారముగా ఆయన అల్లిన 'వడ్లగింజలు' వంటి పెద్దకథను ఒక్క పూటలో ముగింపబూనరాదు. అరగంట, మహా యైన ముప్పావుగంట. అంతకు మించిన చదువు వినువారి నడుములకు శిక్ష.

విన్నవారిని ఇంటికి పోవు త్రోవలో గూడ వదలని కథ కావలెను. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' అట్టిది. 1952లో న్యూయార్కు హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన అంతర్జాతీయ కథల పోటీలో దానికి రెండవ బహుమానము వచ్చినది. నియమనిష్ఠలుగల న్యాయవాది యొకడు, రైలులో బిచ్చమెత్తు ఆడుది యొకతె, చిన్న స్టేషను, పెనుగాలి. ఆ భీకరరాత్రి అతనికి ప్రాణభయము తీర్చినది ఆమెయే. అతని పర్సు కాజేసినదియు ఆమెయే. తెల్లవారుసరికి ఆమె శవమై కనబడును, పర్సు ఆమె చేతిలో నుండును. ఆమె దొంగయా, దాతయా? ఈ ప్రశ్న బహుమానమిచ్చిన పరీక్షకులకంటె ఉప్పెన చూచిన పల్లెవారికి ఎక్కువగ అర్థమగును. దివిసీమలో 1977 నవంబరు నాటి తుఫాను చూచినవారిలో ఈ కథ వినిపించిన యెడల వచ్చు మాటలు ఏ విమర్శగ్రంథములోను దొరకవు.

అయితే అసలు పరీక్ష ఇచ్చట లేదు. గాలివాన ఎవరి తప్పును కాదు. ఊరిలో కొందరికి నొప్పి కలిగించు కథ చదువవలసివచ్చినపుడు గ్రంథాలయ మేమి చేయును? కాళీపట్నం రామారావు 1964 నాటి 'యజ్ఞం' నే తీసికొందము. సుందరపాలెమను ఊరు. అప్పల్రాముడను పేదవాని అప్పు తగవు పంచాయతీకి వచ్చును. పెద్దమనుష్యుడు శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. న్యాయమూర్తి యని పేరుపడ్డవాడు. ఊరు బాగుపడినది, బడి వచ్చినది, రోడ్డు వచ్చినది. తీర్పు గూడ న్యాయముగనే కనబడును. ఆ తీర్పు ననుసరించి అప్పు తీర్చవలె నన్న అప్పల్రాముని కుటుంబమునకు భూమి పోయి, బిడ్డలకు పాలేరుతనము మిగులును. అందరును నీతిమంతులే, లెక్క సరిపోయినది, ఒక వంశము మునిగినది. కొడుకు సీతారాముడు దానికి బదులుగ చేసిన ఘోరము వినినవానికి ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ ముగింపు తగునా తగదా యని విమర్శకులు ఏండ్ల తరబడి వాదులాడుకొనిరి. 1995లో ఆ కథతో కూడిన 'యజ్ఞంతో తొమ్మిది' సంపుటమునకు సాహిత్య అకాడమీ బహుమతి లభించినది.

ఈ కథ చదువుచుండగా సభలో ఎవరెవరుందురు? అప్పిచ్చినవాడుండును. అప్పు పుచ్చుకొన్నవా డుండును. తగవు తీర్చిన పెద్ద లుందురు. ఆ పెద్దలలో గ్రంథాలయ భవనమునకు విరాళ మిచ్చినవారు నుందురు, వారి పేరు చలువరాతిపై చెక్కబడి గోడకు ఉండును. అందుచేత కార్యవర్గములు ఇట్టి కథను తప్పించి, నలుగురు నవ్వు హాస్యకథను ఎన్నుకొనును. హాస్యమును నిందించుట కాదు. ఏటికొక్కసారి యైనను 'యజ్ఞం' వంటిది చదువని గ్రంథాలయము తన విరాళదాతలను పసిబిడ్డలుగ ఎంచుచున్నదని చెప్పవలెను. తన పూర్వులను ప్రశ్నించిన జనమేజయుని కంటె వారు సుకుమారులా? ఊరు ఓర్వలేదని ముందుగ నిర్ణయించుటకు కార్యవర్గమునకు అధికార మెవరిచ్చిరి? విన్న పెద్దమనుష్యుడు లేచి, శ్రీరాములునాయుడు చేసినదే సబబు అనవచ్చును. అననిండు. ఆ మాటకు చాపమీదినుండి ఎవరైన బదులు చెప్పిన పక్షమున, పంచాయతీలో ఎన్నడు నోరు మెదపనివాడు కథ చాటున నోరు విప్పినట్లు. కథలోని మనుష్యుని గూర్చి మాటలాడుటలో ఒక వెసులుబాటు కలదు: ఎవరి పేరును ఎత్తనక్కరలేదు, అందరికిని అర్థమగును.

'యజ్ఞం' నిడివిగల కథ. వరుసగ రెండు సాయంకాలములు చదువవలెను. పంచాయతీ నడుచుచుండగా మొదటి నాటికి ఆపుట మంచిది. నడుమ రాత్రి ప్రతి యింటను ఆ తగవు తిరిగి తీర్చబడును; మరునాటి సభకు పిలువకయే జనము వత్తురు.

గురజాడ, శ్రీపాద, పద్మరాజు గారలు లేరు. రామారావు గారును 2021లో కీర్తిశేషులైరి. వారి కథలను చదువునపుడు పురాణసభయందలి లోటే మరల కలుగును. అందుచేత పెద్దల కథ యొకటి, వచ్చిన అతిథి కథ యొకటి చదువుట మంచి పద్ధతి. వచ్చినవాడు పూర్వుని కథకు పాఠకుడై బదులు చెప్పును, తన కథకు కర్తయై బదులు చెప్పును. పాత కథ ప్రతి దొరకలేదను సాకు నేడు చెల్లదు. రామారావు గారు శ్రీకాకుళమున 1997 ఫిబ్రవరిలో నెలకొల్పిన కథానిలయము తెలుగు కథలను పత్రికల నుండి ఏరి కూర్చినది; వెబ్‌సైటులో గూడ ఎన్నియో చూడవచ్చును.

అతిథి మర్యాదను గూర్చి రెండు మాటలు. సాధారణముగా జరుగునది ఇది: రచయితను వేదిక నెక్కించి, అధ్యక్షుడు ముప్పావుగంట మాటలాడును, పరిచయకర్త మరియొక అరగంట తీసికొనును, ఇరువురును ఆ రచయిత పుస్తకము తెరచినట్లు వారి మాటలలో సాక్ష్య ముండదు. పిమ్మట శాలువ, పూలదండ, జ్ఞాపిక, ఫోటో. కథకు పావుగంట మిగులును. ప్రశ్నలకు చివరి బస్సు అడ్డు వచ్చును. శాలువలతో ఇల్లు నిండిన రచయితలు కలరు. పుస్తకములు అమ్ముడుపోక అటక నిండినవారు అంతకంటె అధికముగ కలరు. శాలువ సొమ్ముతో ఆయన పుస్తకములు నాలుగు ప్రతులు కొని, సభకు నెల ముందే సభ్యులకు ఎరువిచ్చిన యెడల రచయితకు గౌరవము, గ్రంథాలయమునకు ఆస్తి, ప్రశ్నలకు మూలధనము, మూడును సమకూరును. రానుపోను ఖర్చులు ఆయన అడుగకముందే కవరులో ఉంచవలెను. రాత్రి ఊరిలోనే బస యేర్పరచి, భోజన మొక పాఠకుని ఇంట పెట్టవలెను. సభలో అడుగ సిగ్గుపడినవారు ఆ భోజనముకడ అడుగుదురు.

ఇది నిజముగ జరిగినదా, ఇందులోని ఫలానావాడు ఎవరు అను ప్రశ్న ప్రతి సభలోను మొదట వచ్చును. దానిని చూచి చదువుకొన్నవారు నవ్వుదురు. నవ్వరాదు. అది కథ తమకు తగిలిన దనుటకు గుర్తు. ఓపికగల రచయిత ఆ ప్రశ్ననే పట్టుకొని, ఎంతవరకు చూచినది, ఎచ్చటి నుండి కల్పించినది విప్పిచెప్పును. కథలో ఎద్దు కొమ్ములను గూర్చియో, విత్తు వేయు కార్తెను గూర్చియో తప్పు వ్రాసిన యెడల రైతు లేచి దిద్దును. అట్టి దిద్దుబాటు పట్టణపు సభలలో దొరకదు. మంచి రచయిత దానిని కాగితముపై వ్రాసికొని పోవును.

మిగిలినది, చదువువారెవరు అను విషయము. రచయితయే చదువవలెనను పట్టుదల మంచిది కాదు. కలము బలము వేరు, గొంతు బలము వేరు. వ్యాసుడంతవాడు వైశంపాయనునకు అప్పగించెను. ఉన్నతపాఠశాలలో స్పష్టముగ చదువగల బాలిక ప్రతి ఊరను ఒకతె యుండును. ఆమెకు వారము ముందుగ ప్రతి నిచ్చి, రెండుసార్లు బిగ్గరగా చదివించి సరిచూడవలెను. మాండలికములకడ జాగ్రత్త యవసరము. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు సీమ పలుకును, అల్లం రాజయ్య తెలంగాణపు మాటను వేరొక ప్రాంతపు బాలిక వెక్కిరింపువలె పలికిన యెడల కథ చెడును, ఆ ప్రాంతమువారి మనసును చెడును. తెలియని మాటలను ముందే ఏరి, అతిథిని టెలిఫోనులో అడిగి, పలుకు తీరు నేర్చుకొనుట మేలు. సభనాడు ఆమెకు మైకు అందునట్లు ఎత్తు సరిచేసి, అక్షరములపై వెలుతురు పడునట్లు దీపము నమర్చి, ప్రక్కన మంచినీళ్లుంచి, రచయితను ఆమె యెదుటి చాపమీద, వినువారి నడుమ కూర్చుండబెట్టవలెను.